ఎనిమిది వేళ్ల మహలు

ఇబ్రహీంపట్నం,
సర్వజిత్తు సంవత్సరం, వైశాఖ బహుళ తదియ, గురువారం.

యాదమ్మ వదినెకు,

నువ్వు పోయి ఏడాది మీద మూడు నెలలయింది. ఇన్నాళ్లూ నీకు ఉత్తరం రాయాలని నాకు తోచలేదు. ఈ రోజు మధ్యాహ్నం ముందరింట్లో నీ మీద పంచాయితీ జరిగింది. నువ్వు లేవు కాబట్టి నీ తరఫున నేనే మాట్లాడాను. ఏం మాట్లాడానో నీకు తెలియాలి కదా... అందుకే రాస్తున్నాను.

చదువు రానిదానికి ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వు. నేను సాయంత్రం పూట ఇంటి లెక్క రాసుకుంటుంటే పక్కన చేరి, చింతపండులో గింజలు తీస్తూ ఏమనేదానివి? "నువ్ రాయి సుభద్రా, నేను నవ్వుత. ఎవలి పని వాళ్లది." ఎన్నిసార్లు కసిరినా అదే మాట. ఇప్పుడు రాయడం ఒక్కటే మిగిలింది.

ముందు ఇంటి సంగతులు చెబుతాను, లేకపోతే నీకు ఊపిరాడదు. నీ బర్రె ఈనింది. ఆడ దుడ్డె. నువ్వు పోయాక అది ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నన్ను రెండుసార్లు తన్నింది. చివరికి నీ తెల్లచీర ఒకటి భుజాన వేసుకుని పోయి కూర్చున్నాను. అప్పుడు పాలు చేపింది. ముత్తయిదువ విధవ చీర కప్పుకోవడమేమిటని మన వాడకట్టు ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. పాలు కావాలా వద్దా అని అడిగాను. 

మన మనవరాలు సరోజకు సంబంధం కుదిరింది. హయత్‌నగర్ వాళ్లు. పిల్లవాడు అక్కడి బడిలో పంతులు. పోయిన నెల చూడవచ్చినప్పుడు సరోజను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, ఏం పుస్తకాలు చదివావని. మన పిల్ల మూడు పేర్లు చెప్పి, మీరేం చదివారని తిరిగి అడిగింది. నేను దాని వంక గుడ్లురిమి చూశాను. అతను మాత్రం చక్కగా జవాబు చెప్పాడు. సరోజకు నచ్చాడు. అది నోటితో చెప్పలేదు. కానీ ఆ వారమంతా చారులో రెండేసిసార్లు ఉప్పు వేసింది. నువ్వుంటే దాన్ని ఎంత ఏడిపించేదానివో!

ఆదివారం నిశ్చితార్థం. వాళ్లే ఇక్కడికి వస్తున్నారు.

ఇక అసలు సంగతి. బిడ్డనిచ్చే చోటు కదా అని మన నర్సింహ హయత్‌నగర్ వెళ్లి వాళ్ల ఇల్లు చూసి వచ్చాడు. వాళ్ల ముందరింట్లో గోడ నిండా పెద్దవాళ్ల పటాలట. తాతలు, ముత్తాతలు, కోటు గుండీలు పెట్టుకుని, చేదు కషాయం మింగినట్టు ముఖాలు పెట్టుకుని వరసగా ఉన్నారట. వాడు ఇంటికి వచ్చి మన గోడ చూసుకున్నాడు. సున్నం తప్ప ఏమీ లేదు. నా కొడుక్కి అదొక దిగులు పట్టుకుంది.

మన ఇంట్లో ఉన్నవి మూడే ఫోటోలు. మూడూ ఖాజా మియా తీసినవే. పట్నంలో దుకాణం పెట్టినా, పండుగకు ఇక్కడ వాళ్లక్క ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ కెమెరా పెట్టె, మూడు కాళ్ల కర్ర మోసుకుని మన వాకిట్లోకి రాకుండా పోయేవాడా? ఆ మూడు ఫోటోలూ చూసి ఊరు ఊరంతా నవ్వింది. గోడకు పెట్టదగ్గది ఒక్కటి లేదని నర్సింహ బాధ. ఆ మూడింటినీ అలా చేసింది ఎవరు? చెప్పు.

మొదటిది సరోజ పసిపిల్లగా ఉన్నప్పటిది. కదలకుండా కూర్చోదు, తల్లి ఒళ్లోనూ ఆగదు. నీ ఒళ్లో అయితేనే ఆగేది. కానీ నువ్వు ఫోటోలో ఉండకూడదు. పిల్ల మొదటి ఫోటోలో విధవ కనబడితే అరిష్టమని మా అత్తగారు, నిన్ను కన్నతల్లే, పట్టుబట్టింది. ఖాజా మియా గడ్డం గోక్కుని ఉపాయం చెప్పాడు. నిన్ను పీట మీద కూర్చోబెట్టి, నెత్తి మీది నుంచి జంపఖానా కప్పి, నీ ఒళ్లో పిల్లను పెట్టాడు. పట్నంలో దొరల పిల్లలకు కూడా ఇట్లాగే తీస్తారట. ఫోటో వచ్చింది. పిల్ల ఎత్తయిన జంపఖానా కుర్చీలో రాణిలా కూర్చుంది. కింద చూస్తే ఆ కుర్చీకి రెండు పాదాలు! మడమల పగుళ్లతో సహా. చూసిన ప్రతి మనిషీ అదేం కుర్చీ అని అడిగేవాళ్లు. నువ్వు ముఖం బిగించి చెప్పేదానివి: "సర్కారు కుర్చీ. గివి నడ్చుకుంట వస్తయ్, పైస తీస్కోని పోతయ్." మా అత్తగారు కూడా చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

రెండోది మీ తమ్ముడిది. మీసం దువ్వి, తలపాగా చుట్టి, చేతికర్ర పట్టుకుని కూర్చున్నారు. ఖాజా మియా నల్లగుడ్డలో తల దూర్చి, కదలొద్దని చెప్పి అంకెలు లెక్కపెడుతున్నాడు. తలుపు వెనక నుంచి నీ గొంతు: "తమ్మీ, కదలకురా. ఈగ నీ మీసం కొలుస్తున్నది." నిజంగానే ఈగ వాలి ఉంది. ఆయన కదలలేదు. కదలలేదు కానీ, రెండు కళ్లూ దిగి ఈగను చూశాయి. తీర్పు చెప్పే పటేలు ఫోటో తీయించుకుందామని కూర్చున్న మనిషి, ముక్కు చివర ఏదో పోగొట్టుకున్నవాడిలా వచ్చాడు. ఆ ఫోటోను ఎవరికైనా చూపిస్తే అన్నం తిననని ఇప్పటికీ బెదిరిస్తారు.

మూడోదే ఈ గొడవకు మూలం.

సరోజకు ఏడేళ్లప్పుడు. మా అత్తగారు, మీ తమ్ముడు, నేను, నర్సింహ, కోడలు, సరోజ, అందరం ఒకేచోట కూర్చుని తీయించుకోవాలని అనుకున్నాం. ఖాజా మియా కొత్త పరదా తెచ్చాడు. దాని మీద రంగులతో మహలు, పాలరాతి మెట్లు, నెమలి. పరదా పైఅంచును పొడుగాటి వెదురుకు కుట్టారు. మన వాకిలి రాతినేల, గుంజ దిగదు. పెద్దచెరువు మీది గాలి ఆగదు. ఎవరైనా వెనక నిలబడి వెదురును ఎత్తి పట్టుకోవాలన్నాడు. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నువ్వు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చావు. "నేను పట్టుకుంట. నన్నెట్లైన ముంగట కూసోబెట్టరు గద." మేం బట్టలు సర్దుకుని కూర్చున్నాం. నువ్వు వెనక్కి పోయావు.

సరిగ్గా ఖాజా మియా కెమెరా మూత తీసిన క్షణంలోనే గాలి కొట్టింది. వెదురు నీ రొమ్ము దాకా దిగిపోయింది. మాకేం తెలుసు? ముందు కూర్చున్న ఆరుగురం ఊపిరి బిగబట్టి, రాతి బొమ్మల్లా కెమెరానే చూస్తున్నాం. మా మెడల మీద మహలు మడతలు పడింది. నెమలి తలకిందులై మా అత్తగారి కొప్పు మీద ముక్కు పెట్టింది. అందరి వెనకా, అందరికన్నా పైన నువ్వు... తెల్లచీర, బోసి నుదురు, రెండు చేతులతో వెదురు పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ. నీ వెనక గోడ మీద పిడకలు. పిడకల పైన ఒక కోడి.

ఇంకో పలక లేదు. ఫోటో పట్టే అద్దం పలకలన్నీ అంతకుముందే వేరే ఇళ్లలో అయిపోయాయి. మళ్లీ పండుగకు తీద్దామన్నారు. ఆషాఢంలో మా అత్తగారు పోయింది. తర్వాత యుద్ధం రోజులు, ఫోటో కాగితమే దొరకలేదు. తర్వాత నువ్వు. మన ఇంటి మనుషులంతా ఒకచోట ఉన్న ఫోటో ఈ భూమి మీద అదొక్కటే.

నర్సింహకు గోడ మీద వాళ్ల నాయనమ్మ కావాలి. అందుకని నాకు చెప్పకుండా ఆ ఫోటో తీసుకుని పట్నం పోయి, పెద్ద పటం చేసిమ్మని ఖాజా మియాకు చెప్పి వచ్చాడు. పెద్దది చేసేటప్పుడు పట్నం దుకాణాలలో కుంచె పెట్టి దిద్దుతారు. మూసిన కళ్లు తెరుస్తారు, ఊడిన పళ్లు నింపుతారు, లేని కోటు తొడుగుతారు. మహలును నిలబెట్టమన్నాడు నర్సింహ. మహలు నిలబడితే నువ్వెక్కడుంటావు?

ఈ రోజు పొద్దుటి బస్సుకు ఖాజా మియా దాన్ని దుప్పటిలో చుట్టి తెచ్చాడు. అద్దం బిగించి, చట్రం వేసి. ముందరింట్లో గోడకు ఆనించి దుప్పటి తీశాడు.

చక్కగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? మడతలు పోయాయి. నెమలి కాళ్ల మీద నిలబడింది. మా అత్తగారి కొప్పు బాగుపడింది. పిడకలున్న చోట ఆకాశం. నువ్వున్న చోట గోపురం, గోపురం కింద పిట్టగోడ. నర్సింహ ముఖం వెలిగింది. "గిప్పుడు జూడు అమ్మా, ఎంత ఇజ్జత్ గ ఉన్నదో!" అన్నాడు. మీ తమ్ముడు తల ఊపారు. నేను అద్దాలు పెట్టుకుని దగ్గరికి పోయాను. ఏదో సరిగ్గా లేదు. ఏమిటో అందలేదు.

సరోజకు అందింది. "నాయినమ్మా," అంది మెల్లగా, "గీ మహలుకు వేళ్లున్నయ్."

చూశాను. వదినె, నిజంగా ఉన్నాయి. పిట్టగోడ మీద ఇటు నాలుగు, అటు నాలుగు. నువ్వు పట్టుకున్న వెదురునే ఆ కుంచె మనిషి పిట్టగోడ చేశాడు. నీ ముఖం చెరిపాడు, భుజాలు చెరిపాడు, చేతులు చెరిపాడు. వెదురు మీదికి మడిచిన నీ వేళ్లను మాత్రం పూలతీగ అనుకుని వదిలేశాడు! పైగా కొంచెం పచ్చరంగు కూడా పూశాడు. మేమంతా ముందు బుద్ధిగా కూర్చుని ఉంటే, వెనక ఎవరో పచ్చ వేళ్లతో గోడ పట్టుకుని మహలు ఎక్కి వస్తున్నట్టుంది.

నేను నవ్వాను. నర్సింహ భయపడ్డాడు. వాడు పుట్టిన తర్వాత నేనంత గట్టిగా నవ్వడం చూడలేదట. నాకు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ అక్కడే కూలబడ్డాను. సరోజ కూడా నవ్వింది, తర్వాత ఏడ్చింది. దాన్ని ఎత్తి పెంచిన వేళ్లు కదా.

ఖాజా మియా నెత్తి మీది టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. "కసం అమ్మా, నేను జూడలే. మావోడు తీగ అనుకున్నడు. రేపే తుడిపిస్త."

"తుడ్వు," అన్నాడు నర్సింహ. "ఆదివారం లోపల తెచ్చియ్యి."

"తుడవొద్దు," అన్నాను నేను. "పలక ఉందా?"

ఉందన్నాడు. అన్ని పాత పలకలూ అమ్మేసినా అది మాత్రం దాచుకున్నాడట. ఎందుకు దాచావని అడిగాను. ఏమన్నాడో విను. "కూసున్నోళ్ల ఫోటోలు మస్తు తీసిన అమ్మా. పడ్డ మహలు వట్టుకోని నోరార నవ్వినోళ్లు నాకు గా ఒక్క యాదమ్మక్కనే దొరికింది."

అయితే ఆ పలక నుంచే, కుంచె తగలకుండా, ఇంతే పెద్ద పటం చేసి తెమ్మన్నాను. పడిన మహలు, తలకిందుల నెమలి, పిడకలు, కోడి, మా వదినె, అన్నీ ఉండాలన్నాను.

అప్పుడు మొదలైంది పంచాయితీ. కోడలు వంటింటి తలుపు దగ్గరే నిలబడి విన్నది.

నర్సింహను నువ్వు తిట్టుకోకు. వాడు చెడ్డవాడు కాడు. నీ పాడె మోసినవాడు. నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. వాడు ఏమన్నాడంటే, "అమ్మా, అత్త మీద నాకు ప్రేమ, పావురం లేదా? గని శుభకార్యానికి వచ్చేటోళ్లు గడప తొక్కంగనే ఎదురుంగ విధవ మొఖం, గది గూడ పండ్లన్ని బయటవెట్టి... ఆళ్లేమనుకుంటరు? పిల్ల బతుకు నాక్కావాలె."

వాడి భయం నాకు అర్థం కాకపోలేదు. హయత్‌నగర్ పిల్లవాడి తల్లి మడి మనిషి. పిల్లి ఎదురైనా చెప్పులు విడిచి కూర్చునే రకం. ఆ పటం చూసి లేచిపోయినా పోవచ్చు. సరోజకు ఆ పిల్లవాడు నచ్చాడని నాకు తెలుసు. నేను ఊరికే మొండికెయ్యలేదు వదినె... ఆలోచించే అన్నాను.

"ఆ పలక మీద ఏడుగురున్నారు. ఆరుగురని గోడ మీద రాసిపెట్టడం నా చేత కాదు," అన్నాను. "పదమూడో ఏట బొట్టు చెరిపారు. కాపురానికి పోనేలేదు, మొగుడి ముఖం సరిగ్గా ఎరగదు. అప్పటి నుంచి ఈ ఇంట్లో పెళ్లి అయితే వంటింట్లో, వ్రతమైతే కొట్టంలో, ఫోటో అయితే పరదా వెనక. చచ్చాక కూడా దాచాలా? ఇంకెక్కడికి దాస్తారు, చోటేదీ?"

మీ తమ్ముడు నెమ్మదిగా అందుకున్నారు. "సుభద్రా, జర ఆగు. పెండ్లి అయినంక పెడ్దాం. గప్పుడు ఎవలేమన్నా ఫికర్ లేదు."

బతుకంతా నీకు చెప్పింది అదే కదా... "జర ఆగక్కా, గీ కార్యం అయినంక." నువ్వు ఆగావు. ఏ కార్యం అయ్యాక నిన్ను ముందుకు పిలిచారు? ఈ మాట ఆయన ముఖం మీదే అడిగాను. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నారు. చెమట అని నేను అనుకోవడం లేదు.

అప్పుడు నా మాట చెప్పాను. "హయత్‌నగర్ వాళ్లకు మొదట బొట్టు పెట్టి పసుపు కుంకుమ ఇవ్వాల్సింది నేను. ఈ ఇంటి పెద్ద ముత్తయిదువను నేనే. ఆదివారం పొద్దుటికి ఆ గోడ మీద మా వదినె నవ్వుతూ ఉంటే పళ్లెం పట్టుకుని వస్తాను. లేకపోతే నేను కొట్టంలో బర్రె దగ్గర కూర్చుంటాను. వాళ్లొచ్చి ముసలమ్మ ఏదని అడిగితే, పరదా వెనక ఉందని చెప్పండి."

"గిది బెదిరిచ్చుడా అమ్మా?" అన్నాడు నర్సింహ.

"అవ్," అన్నాను.

వాడు సరోజ వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వన్న చెప్పు నాయినమ్మకు. నీ పెండ్లి ఇది." పిల్ల పోయి ఆ పచ్చ వేళ్ల ముందు కూర్చుంది.  అది వద్దంటే? నాకు కావలసింది నీ ముఖం, దానికి కావలసింది దాని బతుకు... రెండింటిలో ఏది బరువో తూచే తక్కెడ నా దగ్గర ఉందా?

చివరికి అంది. "యాదవ్వ ఫోటో ఉండాలె బాపు. ఆళ్లు జూసి లేచిపోతె పోనియ్. నవ్వినందుకే లేచిపోయేటోళ్ల ఇంట్ల నేను బతుకంత ఎట్ల నవ్వాలె?"

నువ్వు పెంచిన పిల్ల, వదినె. నా చదువు దాని నోటికి వచ్చింది, నీ ధైర్యం దాని కడుపుకు వచ్చింది.

నర్సింహ చెప్పులు వేసుకుని పొలం వైపు పోయాడు. మధ్యాహ్నం తినలేదు. ఖాజా మియా సాయంత్రం బస్సుకు పోతూ, రేపు మధ్యాహ్నంలోగా మాట చెబితే శనివారం సాయంత్రానికి పటం తెస్తానని, అది దాటితే తన చేతిలో లేదని చెప్పి పోయాడు. పచ్చ వేళ్ల మహలు ఇక్కడే గోడకు ఆనుకుని ఉంది.

దీపాలు పెట్టే వేళకు నర్సింహ వచ్చాడు. గడప దగ్గర నిలబడి, "రేపు మొదటి బస్సుకు పట్నం పోత," అన్నాడు. అంతే. ఆ వేళ్లు తుడిపించడానికా, నిన్ను తేవడానికా?  నేను అడగలేదు. "నేనూ వస్తున్న," అని మాత్రం అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు. నేను బస్సు ఎక్కి ఎన్నేళ్లయిందో వాడికి తెలుసు. మొదటిసారి ఎక్కినప్పుడు కడుపులో తిప్పి బస్సంతా ఆగమాగం చేశానని కూడా తెలుసు. ఆ రోజు నువ్వు నా తల పట్టుకుని ఏమన్నావు? "కక్కు సుభద్రా, కక్కు. కక్కినోళ్లకు సిగ్గెందుకు, కక్కిచ్చిన బస్సుకు ఉండాలె." రేపు మళ్లీ కక్కుతానేమో. అయినా పోతాను.

ఇదంతా నీకు ఇష్టమేనా? అది నాకు తెలియదు. బతికున్నప్పుడు అడిగితే, "నా మొఖం గోడ మీద ఎందుకే, బల్లులు భయపడ్తయ్," అని నవ్వి తప్పించుకునేదానివి. ఇప్పుడు తప్పించుకోలేవు. నీ ముఖం నువ్వు చూసుకున్నది ఆ ఒక్క ఫోటోలోనే కదా. అద్దం ముట్టుకోనివ్వలేదు నిన్ను. ఖాజా మియా ఆ ఫోటో తెచ్చి చేతిలో పెట్టిన రోజు నువ్వు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూశావు. అందరూ నెమలిని చూసి నవ్వుతుంటే నువ్వు నవ్వలేదు. "నేను మంచిగనే ఉన్న గదనే," అన్నావు. నాకు మాత్రమే వినబడింది.

బాగానే ఉన్నావు. మా ఆరుగురికన్నా బాగున్నావు. హయత్‌నగర్ వాళ్లు చూస్తారు, ఊరు చూస్తుంది. ఎవరికి అరిష్టం కావాలో వాళ్లు తీసుకుపోవచ్చు.

ఇక జరగవలసినవి రాస్తున్నాను.

1. రేపు మొదటి బస్సుకు నర్సింహతో నేను పట్నం పోవాలి. జుమ్మా నమాజుకు దుకాణం మూసేలోగా ఖాజా మియా దగ్గర ఉండాలి. పలక వెలుతురుకు పట్టి నా కళ్లతో చూడాలి.

2. కాగితం మీద నీ ముఖం తేలేదాకా అక్కడి నుంచి కదలకూడదు. కుంచె మనిషి ఆ గదిలోకి రాకూడదు.

3. పటాన్ని ముందరింట్లో, గడపకు ఎదురుగా, నర్సింహ తన చేతులతో మేకు కొట్టి పెట్టాలి. వంకర వస్తే తీసి మళ్లీ కొట్టాలి.

4. ఆ నవ్వే మనిషి ఎవరని వాళ్లు అడిగితే ఎవరూ కాళ్ల వైపు చూడకూడదు. "మా మేనత్త, యాదమ్మ. మమ్ముల పెంచింది," అని నర్సింహ చెప్పాలి. వాడి గొంతు సన్నబడితే నేను చెబుతాను.

5. వాళ్లు లేచిపోతే ఎవరూ వెంటపడి బతిమాలకూడదు. సరోజ ఏడిస్తే ఏడవనివ్వాలి. ఏడ్చాక అన్నం పెట్టాలి. ఆ పంతులు పిల్లవాడు మాత్రం ఆగి నీ ముఖం చూస్తాడో, వాళ్లమ్మ వెనక నడుస్తాడో నేను గమనించాలి. వాడి గురించి నాకు తెలియాల్సింది అదే.

6. పచ్చ వేళ్ల మహలును పారేయకూడదు. అది మీ తమ్ముడి గదిలో, మంచానికి ఎదురుగా ఉండాలి. నిద్ర లేవగానే చూసుకుంటారు.

7. వాళ్లు ఉంటే, కార్యం అయ్యాక ఖాజా మియా అందరినీ కలిపి ఫోటో తీయాలి. వంటకు వచ్చే రాములమ్మ చేతులు తుడుచుకుని ముందు వరసలో, నా పక్కన కూర్చోవాలి. ఆమె మొగుడు పోయి ఎన్నేళ్లయిందని ఎవరైనా నసిగితే ఆ మనిషి ఫోటోలోంచి లేవాలి, రాములమ్మ కాదు.

8. వాకిట్లో రాయి పగలగొట్టించి రెండు గుంజలు పాతించాలి. శనివారం పొద్దుటికి అయిపోవాలి. పరదాను వాటికి కట్టాలి. మనిషిని పట్టుకొమ్మని ఎవరు అడిగినా, వాళ్లను బయటికి పంపాలి.

నీ మరదలు,
సుభద్ర